ఆయనొచ్చి చెప్పిపోయిండు

ఆ తేదీ శోభకు బాగా గుర్తు. రెండు వేల పందొమ్మిది ఆగస్టు ఇరవై రెండు, గురువారం. ఆ పొద్దు ఇంట్లో చుక్కకూర పప్పు, పచ్చిపులుసు, పచ్చి ఉల్లిగడ్డతో జొన్నరొట్టెలు తిన్నారు. గుర్తుండడానికి కారణం తిండి కాదు. పరశురాములు రెండో రొట్టె తుంచుకుంటూ, "నీ చేతిల ఏదో ఉన్నది శోభా. గిసొంటి పప్పు నల్లగొండ మొత్తం దేవులాడినా దొరుకది" అన్నాడు.

పెళ్ళయి పదహారేళ్ళు. ఈ పదహారేళ్ళలో ఆయన ఉప్పు తక్కువైందని చెప్పాడు, రొట్టె మాడిందని చెప్పాడు, ఒకసారి కంచం అవతలికి నెట్టి చుట్టాల ముందే లేచిపోయాడు. కూర బాగున్న రోజు మాత్రం మాట్లాడకుండా తినేవాడు. ఆ మౌనాన్నే మెచ్చుకోలుగా తీసుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇప్పుడు ఉన్నట్టుండి నోరు విప్పి మెచ్చుకుంటే సంతోషం కలగలేదు. బస్సులో పక్కసీటు మనిషి అడక్కుండానే జరిగి చోటిస్తే ఒళ్ళో సంచీని దగ్గరికి లాక్కున్నట్టు, లోపల ఏదో దగ్గరికి లాక్కుంది.

"ముప్పై మందికి గీ పప్పు జెయ్యాల్నంటే కందిపప్పు ఎంత పడ్తది?" అని మళ్ళీ అడిగాడు.

"ముప్పై మంది ఎవలు?"

"ఎవల్లేరు. ఊకెనే అడిగిన."

ఊకెనే అడిగే మనిషి కాదు పరశురాములు. ఎరువుల దుకాణంలో పదేళ్ళుగా పనిచేస్తున్నాడు, అవసరం లేకుండా బస్తా కూడా ముట్టుకోడు. శోభ అత్త వైపు చూసింది. గుర్వమ్మ తలెత్తకుండా పచ్చిపులుసు జుర్రుతోంది. ఈ మధ్య తల్లీకొడుకులు వెనక అరుగు మీద గుసగుసలాడుకోవడం, తను గిన్నెలు తేవడానికి వెళ్తే టక్కున ఆపి వానల గురించి మాట్లాడడం నాలుగైదుసార్లు జరిగింది. కూతురు గురుకులంలో ఉంది కాబట్టి ఇంట్లో ఉన్నది ముగ్గురే. ముగ్గురిలో ఇద్దరికి తెలిసి ఒకరికి తెలియని సంగతి ఏదో ఈ ఇంట్లో తిరుగుతోందని ఆమెకు ఆ రోజే అర్థమైంది.

సోమవారం కాలేజీలో రెండో సంగతి ఎదురైంది.

హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో శోభ పన్నెండేళ్ళుగా ఆఫీస్ అసిస్టెంట్. ఆ రెండు మాటల కింద ఏమేమి వస్తాయో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు, కాబట్టి అన్నీ వచ్చాయి. ఫోనెత్తడం, ఎత్తి సారు ఉన్నారో లేరో సారు మొహం చూసి చెప్పడం, యూనివర్సిటీకి ఉత్తరాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు, పరీక్ష ఫీజుల గడువులు, లెక్చరర్ల సెలవులు, మీటింగులో ఎవరేమన్నారో రాసి ఎవరూ ఏమీ అనుకోకుండా మళ్ళీ రాయడం. ఇవి పనులు. వీటి చుట్టూ పనులని ఎవరూ అనని పనులు కొన్ని ఉన్నాయి. కాలేజీ నడిపే కరస్పాండెంట్ సారు బీపీ గోళీ వేళకు గుర్తుచేయడం, ఆయన మనవరాలి పుట్టినరోజుకు కేకు చెప్పడం, అటెండర్ జానయ్య ఎదురుగా నిలబడి ఉన్నా అతిథులకు చాయ్ తానే తీసుకెళ్ళడం. "జానయ్య ఇస్తే నీళ్ళిచ్చినట్టుంటది. నువ్వైతే పద్ధతిగ ఇస్తవమ్మా" అని మొదటి సంవత్సరం అన్నాడాయన. ఆ పొగడ్త ఖరీదు పన్నెండేళ్ళ ట్రే. అందుకే మగవాళ్ళ మెచ్చుకోలు అంటే ఆమెకు చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఆ సోమవారం కరస్పాండెంట్ అమరేందర్ ఒకమ్మాయిని వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి వచ్చాడు. సన్నగా, భుజాన సంచీతో, ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"భాగ్యశ్రీ. మోత్కూరు పిల్ల. కంప్యూటర్ మంచిగొచ్చు. నీకు సాయముంటదని తీసుకున్న. బతుకమ్మ సెలవుల లోపట అన్ని పనులు నేర్పు."

సాయం కావాలని శోభ ఐదేళ్ళు అడిగింది. అడిగినప్పుడల్లా "చూద్దామమ్మా" అన్నాడు. అడగడం మానేసిన రెండేళ్ళకు సాయం దానంతటదే నడిచొచ్చింది. దానికో గడువు కూడా ఉంది. అన్ని పనులూ అన్నాడు. అన్నీ నేర్చుకున్న మనిషి పక్కన, అన్నీ నేర్పిన మనిషి ఏం చేయాలి? జానయ్య వైపు చూస్తే అతను కిటికీ ఊచలు తుడవడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళలో జానయ్య ఊచలు తుడవగా చూడడం అదే మొదటిసారి.

అప్పటినుంచి శోభ నేర్పింది, సగం సగం నేర్పింది. ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో చెప్పింది, ఏ ఉత్తరానికి ఎవరి దగ్గర ముందు మాట వేసుకోవాలో చెప్పలేదు. ఫోనులో గొంతు ఎలా ఉండాలో చెప్పింది, ఏ గొంతుకు భయపడనక్కర్లేదో చెప్పలేదు. చాయ్ సంగతి మాత్రం వేరే కారణంతో చెప్పలేదు. ఒకరోజు సారు బెల్లు కొట్టి "చాయ్" అనగానే అమ్మాయి లేచింది. శోభ చేయి పట్టి కూర్చోబెట్టి, "అది మన పని కాదు" అంది. అన్నాక తనకే నవ్వొచ్చింది. తాను లేచి ట్రే పట్టుకెళ్ళింది.

భాగ్యశ్రీ చెడ్డపిల్లలా కనిపించలేదు. అదే ఇబ్బంది. మధ్యాహ్నం శోభ పనిలో పడి చాయ్ మరిచిపోతే కప్పు మీద సాసరు బోర్లించి పెట్టేది. ఎండ జరిగి టిఫిను డబ్బా మీద పడితే నీడలోకి జరిపేది. ఇంత మంచితనం ఎందుకు? తన కుర్చీ ఖాళీ అవుతుందని తెలిసి, పోయేవాళ్ళ మీద జాలిపడుతున్నట్టుందా? శోభ ఆ చాయ్ తాగేది, థాంక్స్ మాత్రం చెప్పేది కాదు.

సెప్టెంబరు మొదట్లో ఒక తండ్రి వచ్చాడు, కూతురి టి.సి. ఇమ్మని. చదువు మాన్పించి ఆడపిల్లలను తీసుకుపోయేటప్పుడు ఆ సర్టిఫికెట్టు కోసం తండ్రో అన్నో వస్తారు, పిల్లలు రారు. శోభ ఎప్పటిలాగే తలెత్తకుండా, "అమ్మాయి రావాలె. నా ముంగట సంతకం పెట్టాలె. రూలు" అంది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"గట్ల రూలున్నదా మేడం?" అని భాగ్యశ్రీ అడిగింది.

లేదు. అది శోభ పెట్టుకున్న రూలు. పిల్ల కిటికీ దాకా వస్తే ఒక్కమాట అడగడానికి వీలవుతుంది. "నువ్వు మానాలనుకుంటున్నవా?" అని. పది మందిలో ఇద్దరైనా ఏడ్చేవాళ్ళు, ఆ ఇద్దరిలో ఒకరైనా ఆగేవాళ్ళు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పవచ్చు. కానీ ఈ కుర్చీలో తనది అంటూ ఉన్నది ఇదొక్కటే. దీన్ని కూడా అప్పజెప్పి పోవాలా?

"నడుస్తది. అప్పుడప్పుడు" అని ఊరుకుంది.

సెప్టెంబరు మధ్యలో గుర్వమ్మను కంటి పరీక్షకు దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. తీసుకుపొమ్మని పరశురాములు మూడు రోజులు పట్టుబట్టాడు. "అమ్మకు చూపు ఆనుతలేదు. నీకు నౌకరి ఫికరే గాని ఇంట్ల మనిషి ఫికరున్నదా?" అన్నాడు. సగం రోజు చీటీ కోసం, సగం రోజు డాక్టరు కోసం నిలబడ్డారు. చివరికి డాక్టరమ్మ చూసి, "పొర లేదు, ఏం లేదు. ఈ వయసుకు చూపు బానే ఉందవ్వా. దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకో చాలు" అంది. బయటికొచ్చాక గుర్వమ్మ చెట్టు కింద కూర్చుని, "నేను ముందే చెప్పిన. దూరంగ పోయే గొర్రెకు చెవుల పోగున్నదో లేదో ఇప్పటికీ చెప్త" అంది. మరి వచ్చిందెందుకని శోభ అడగలేదు. తనను ఒక రోజు కాలేజీకి దూరంగా ఉంచడానికేనేమో అని అనుకుంది.

మర్నాడు ఆఫీసు తెరిచి టి.సి. పుస్తకం తీస్తే పైన ఒక కాగితం చిరిగి ఉంది. మిగిలిన ముక్క మీద పేరు సుహాసిని. బీకాం రెండో సంవత్సరం, కేతేపల్లి పిల్ల. రోజూ మొదటి బస్సుకు వచ్చి, కాలేజీ తాళం తీసేదాకా మెట్ల మీద కూర్చుని చదువుకునేది.

"ఎవలొచ్చిన్రు?" అంది శోభ.

"వాళ్ళన్న మేడం. సైదులట. వాళ్ళమ్మకు నడుము పట్టుకున్నదట, ఇంట్ల వండేటోళ్ళు లేరట. గొర్లు గూడ ఉన్నయట."

"పిల్ల వచ్చిందా?"

"రాలె."

"పిల్లనడగకుంట ఎట్లిచ్చినవ్? మొన్న నీ ముంగటనే గద ఆ పెద్దమనిషిని వాపస్ పంపిన? చూసినవా లేదా? ఇంట్ల వండేటోళ్ళు లేకుంటే ఆయన వండుకోడా? చేతుల్లేవా?"

గొంతు పెరిగింది. గుమ్మంలో జానయ్య ఆగిపోయాడు. భాగ్యశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా తల దించుకోలేదు.

"నాకేం తెలుసు మేడం? రూలా అని అడిగితె అప్పుడప్పుడు అంటిరి. మీ గురించి గూడ మీ ఇంటి సారే వచ్చి చెప్పిపోయె గద. కరస్పాండెంట్ సార్ సరే అనె. మిమ్ములనేం అడగలె. ఈడ గట్లనే నడుస్తదనుకున్న."

శోభ టి.సి. పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"నా గురించి ఏం చెప్పిండు?"

ఆ అమ్మాయి మొహంలో రంగు పోయింది. "మీకు తెల్వదా? అయ్యో, మీకు తెలుసనుకున్న మేడం. నౌకరి కోసం నేనొచ్చిన్నాడు మీరు యూనివర్సిటీకి పోయిన్రట. జాగా లేదని సార్ నన్ను పంపిస్తుండె. అప్పుడే మీ సార్ వచ్చిన్రు. మా అమ్మకు కండ్లు కనిపిస్తలేవు, శోభ పండుగకు బంద్ జేస్తది, మొహమాటానికి మీతోని చెప్పుకోలేక పోతాంది అన్నరు. గప్పుడు సార్ నా దిక్కు తిరిగి, సోమవారం నుంచి రా అన్నరు. మీరంతట మీరే పోతున్నరనుకున్న మేడం, ఒట్టు. మీరు నాతోని సరిగ మాట్లాడకుంటె, పోతున్న బాధ అనుకున్న."

జానయ్య మెల్లగా, "నిజమేనమ్మా. నాకూ తెలుసు. నువ్వే చెప్పమన్నవేమో అనుకున్న" అన్నాడు.

శోభ కూర్చుంది. కుర్చీ అదే, ఎదురుగా గోడ అదే. నెల రోజులుగా ఆమె ఈ అమ్మాయిని అనుమానించింది, సారును అనుమానించింది, అత్తను అనుమానించింది. పక్కన పడుకున్న మనిషిని కూడా అనుమానించింది కానీ, ఆ అనుమానం ఎప్పటి రకంది, పరాయి ఆడవాళ్ళ రకంది. రాత్రుళ్ళు ఫోను బోర్లా పెడుతున్నాడా, చొక్కాకు కొత్త వాసన ఉందా అని చూసింది. ఆయన వేరే ఆడదాని కోసం కాదు, ఇంట్లో ఉన్న ఆడదాని కోసమే తిరుగుతున్నాడని ఊహకు రాలేదు. ఇంత పెద్ద మాట ఎంత తేలిగ్గా అయిపోయిందో! ఒక మగవాడు వచ్చి చెప్పాడు, ఇంకో మగవాడు సరే అన్నాడు. మధ్యలో ఎవరికీ ఒక అనుమానం రాలేదు. పన్నెండేళ్ళ మనిషిని పిలిచి అడుగుదామని తోచలేదు. నెలనుంచి ఈ ఆఫీసులో అనుమానం వచ్చింది తనకొక్కదానికే.

ముందు ఫోను తీసి సుహాసినికి చేసింది. చాలాసేపటికి గుసగుసగా పలికింది ఆ పిల్ల.

"టి.సి. నువ్వడిగినవా?"

"టి.సి. ఏంది మేడం?"

అంతే చాలు. "చూడు బిడ్డా, కాగితం పోయింది గాని రిజిస్టర్ల నీ పేరు నేనింక కొట్టెయ్యలె. కొట్టెయ్య. రేపు మొదటి బస్సుకు రా. వచ్చి నీ బెంచీల కూసో. తక్కింది నేను జూస్త."

ఫోను పెట్టేసి, భాగ్యశ్రీ వైపు తిరిగి, "కుర్చీ ఇటు జరుపుకో. ఆ రూలు ఎందుకో చెప్త, ఇను" అంది. ఈసారి సగం చెప్పలేదు.

మధ్యాహ్నం కరస్పాండెంట్ గదిలోకి వెళ్ళింది. అమరేందర్ ఆశ్చర్యపోలేదు, నొచ్చుకున్నాడు.

"నీ మంచికే గదమ్మా. మొగోడు గంత మర్యాదగ వచ్చి చెప్తె కాదంటనా?"

"నన్ను అడగలె సార్."

"నిన్ను అడిగేదేమున్నది? ఆయన చెప్తె నువ్వు చెప్పినట్టే. మీరిద్దరు ఒకటే గద."

"పన్నెండేండ్ల సంది ఆయన ఒక్క పూటన్న వచ్చి నా కుర్చీల కూసున్నడా సార్?"

అమరేందర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఆ పిల్లను తీసుకుంటి. ఏం జెయ్యమంటవు?"

"ఆమెను పొమ్మనకున్రి. ఇద్దరి పని ఇన్నేండ్లు నేనొక్కదాన్నే చేస్తున్నట్టు మీకు ఎరుకే. నేను పోతున్ననని నేనైతే చెప్పలె సార్. నేను చెప్పిననాడు పోత."

బల్ల మీద ఫోను మోగింది. అలవాటుగా ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. నాలుగోసారి మోగాక ఆయనే ఎత్తాడు.

మర్నాడు సుహాసిని మొదటి బస్సుకే వచ్చింది. టి.సి. అన్న దగ్గరే ఉందట, ఇవ్వనన్నాడట. "అమ్మనే పొమ్మన్నది మేడం, అన్న గొర్లిడిసి వచ్చేలోపట" అని చెప్పి పరిగెత్తుకుంటూ క్లాసుకు వెళ్ళింది. సైదులు ఎప్పుడో ఒకప్పుడు కిటికీ దగ్గరికొస్తాడు. వస్తే రానీ అనుకుంది శోభ.

ఇంట్లో మాత్రం ఏమీ అనలేదు. గురువారం అనలేదు, శుక్రవారం అనలేదు. ఆయనే నోరు తెరిచి చెప్తాడేమో చూద్దామని. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది, మొహంలోకి చూసింది. ఆయన కూర మెచ్చుకుని చేయి కడుక్కున్నాడు.

శనివారం పొద్దుగూకుతుండగా ఆటోలోంచి ఒక రేకుల బోర్డు దించి లోపలికి తెచ్చాడు. పైనున్న పేపరు తీసి గోడకానించాడు. ఆకుపచ్చ అక్షరాలు, చివర్న పొగలు కక్కే గిన్నె బొమ్మ. 'శోభ కర్రీ పాయింట్'.

"ఎట్లున్నది? ప్రకాశం బజార్ల షట్టర్ కిరాయికి మాట్లాడిన. దసరాకు కొబ్బరికాయ కొడ్దాం. నా పేరు గాదు, అమ్మ పేరు గాదు, నీ పేరే పెట్టిచ్చిన. ఏ మొగోడు పెడ్తడు?"

"అత్తమ్మకు కండ్లు కనిపిస్తలేవని, నేను బంద్ జేస్తున్నని కాలేజీల చెప్పి వచ్చినవట."

ఆయన ఒక్క క్షణం తడబడి నవ్వాడు. "తెలిసిందా? ఇయ్యాల చెప్దామనే అనుకున్న. ఫోన్లెత్తుడు, చాయలిచ్చుడు, అదొక నౌకరా శోభా? ఇంట్ల చేసే పనే ఆడ జేస్తవు. జర గిన్నెలు పెద్దగయితయి, గంతే. దుకాణానికి మాలకిన్‌లెక్క ఉంటవు."

"వండేదెవలు?"

"నువ్వే. నీ చేతికున్న రుచి ఇంకెవరికున్నది?"

"కూరగాయలు కోసేది, గిన్నెలు తోమేది?"

"కొత్తల మనమే చేసుకోవాలె గద."

"మనమంటే?"

ఆయన వంగి బోర్డును గోడకు సరిగ్గా ఆనించాడు. మూలన మంచం మీది నుంచి గుర్వమ్మ లేచి కూర్చుంది.

"నా కండ్ల మీద పెట్టి చెప్పినవటగదరా కొడుకా?"

"అమ్మా, నువ్వూకో."

"ఎందుకూకోవాలె? నా కండ్లకేం పుట్టింది? డాక్టరమ్మ మంచిగున్నయన్నది. దుకాణం సంగతి చెప్తివి, దాన్నడుగురా అని నెల సంది మొత్తుకుంటున్న, ఇన్నవా? మా పెద్దోళ్ళు నన్ను గొర్ల ఎంబడి తోలిన్నాడు అడగలె. కాలు బెణికి కూసున్నంక ఇంట్ల కూసోమన్న నాడూ అడగలె. నాతోనైనా పోయిందా అది?"

"నాకెందుకు చెప్పలె అత్తమ్మా?" అంది శోభ.

గుర్వమ్మ కొంగుతో మోకాలు కప్పుకుంది. "వాడే చెప్తనన్నడు. నా కొడుకాయె. వాని మాట కాదని నీకెట్ల చెప్పాలె?"

ఆ జవాబు శోభకు నచ్చలేదు, కానీ అందులో అబద్ధం కనిపించలేదు. ఈ నెలలో ఈ ఇంట్లో విన్న మొదటి నిజమైన మాట అదే.

"నేను వండ" అంది భర్తతో. కేక వేయలేదు. కాలేజీ ఫోనులో వాడే గొంతుతోనే, వినేవాడికి రెండో మాట అవసరం లేకుండా. "దుకాణం పెట్టుకో. మంచిదే. వంటమనిషిని పెట్టుకో, లేకుంటే నువ్వు నేర్చుకో. బోర్డు మీద నీ పేరు రాయించుకో."

"షట్టర్ తీసుకున్నంక గిప్పుడంటవా?"

"తీసుకునేముందు అడిగితె అప్పుడే అందును."

పరశురాములు బోర్డు దగ్గరే నిలబడిపోయాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని చూశాడు. శోభ వంటింట్లోకి వెళ్ళి అత్తకు పెట్టింది, తనకూ పెట్టుకుని వేడివేడిగా కూర్చుని తింది. ఆయన గిన్నెలు మూతలతో పొయ్యి గట్టు మీదే ఉన్నాయి. తిన్నాక సోమవారం కట్టుకునే చీరకు ఇస్త్రీ చేసుకుని, గదిలోకి వెళ్ళి నడుం వాల్చింది. సోమవారం సారు ఏమంటాడో తెలియదు. సరే, అనేదేదో ఇకమీద తన మొహం చూసి అంటాడు.

ముందు గదిలోంచి పిలుపు వచ్చింది. "శోభా, మంచినీళ్ళు."

ఆమె కళ్ళు తెరిచి పైకప్పు చూసింది. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆపుకుంది.

"శోభా, నిన్నే."

గుర్వమ్మ మంచం దిగి మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. లోపలికి చూసి, "నువ్వు పండుకో బిడ్డా" అంది. కొడుకు మూడోసారి పిలిచేలోపు గొళ్ళెం చప్పుడు కాకుండా అరచెయ్యి అడ్డుపెట్టి, తలుపు దగ్గరికి వేసింది.